ముప్పై రెండు వేలికాపులు

ఫిబ్రవరి 2, శుక్రవారం

నా నంబరుకి నేనే మెసేజ్ పెట్టుకున్నా. టింగుమంది. ఎవరో పలకరించినట్టే ఉంది. ఇకనుంచి ఇందులోనే రాసుకుంటా. పుస్తకంలో రాస్తే మావయ్య కొట్లో అందరికీ చదివి వినిపిస్తాడు.

ఇవాళ కార్డు ఇచ్చారు. మెడలో వేసుకునే నీలం తాడు, నా ఫోటో. యూనివర్సిటీ గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "డెలివరీనా బాబూ?" అన్నాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు, కార్డు ఎత్తి చూపించా. ఇన్నొవేషన్ సెంటర్ తలుపుకి కార్డు ఆనిస్తే పచ్చ లైటు వెలిగింది. బయటికొచ్చి మళ్ళీ ఆనించా. మళ్ళీ వెలిగింది.

లోపల వర్క్‌షాపు. లైటుతో ప్లాస్టిక్‌ని కోసే మిషను ఉంది. అంచు వెన్నలా వస్తుంది. మావయ్య కుట్టుమిషన్ల రిపేరు కొట్లో ఉన్నవి నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక ఆకురాయి, మావయ్య తిట్లు.

ఫారంలో "మీ ఆలోచన ఎలా పుట్టింది?" అని ఒక గడి. ఏడో తరగతి తర్వాత నేను ఇంత పొడుగు ఏదీ రాయలేదు. ఇలా రాశా: "మా అమ్మ బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుడుతుంది. పోయినేడు సూది వేల్లో దిగింది. నేను తీగ వంచి సూది ముందు కట్టా. వేలు అటు పోదు." మా టీమ్ అక్క చదివి, "అంతే. ఒక్క ముక్క కూడా మార్చకు" అంది.

టీమ్ అంటే ఇద్దరు స్టూడెంట్లు, నేను. కళ్ళజోడక్క సర్వే అని ఫ్యాక్టరీకొచ్చి అమ్మ మిషను మీద నా తీగ చూసింది. ఎవరు చేశారంటే లైనులో ఆడవాళ్ళందరూ "మా నూనెడబ్బా" అన్నారట. మిషన్లకి నూనె పోయడానికి వెళ్తాను కాబట్టి నా పేరు అదే. రెండోవాడు స్లైడ్లన్న. ఏం మాట్లాడినా "దానికో స్లైడు వేద్దాం" అంటాడు. ప్రతి టీములోనూ పని తెలిసిన బయటి మనిషి ఒకరు ఉండాలని సెంటర్ రూలు. ఆ మనిషిని నేను.

ఫిబ్రవరి 9, శుక్రవారం

తీగ పోయింది, ప్లాస్టిక్ వచ్చింది. గాజులా కనపడుతుంది. సూది ముందు టక్కున పెట్టొచ్చు, టక్కున తీయొచ్చు. అక్క దానికి వేలికాపు అని పేరు పెట్టింది. కోసిందీ, అంచులు రుద్దిందీ నేనే. ముప్పై రెండు.

ఇవాళ అమ్మ వాళ్ళ లైనులో ముప్పై రెండు మిషన్లకీ పెట్టేశా. ఆరు వారాలు ట్రయల్. ప్రతి శుక్రవారం టీ టైము తర్వాత నేను వెళ్ళి, ఎన్ని మిషన్లకి పెట్టి ఉన్నాయో లెక్క రాసుకుని, "బాగుందా?" అని అడగాలి. మార్చి 27న యూనివర్సిటీ హాల్లో పోటీ ఫైనల్. గెలిచిన టీముకి ఏడాదిపాటు వర్క్‌షాపులో చోటు, నెలనెలా జీతం లాంటిది. గెలిస్తే నేను కొట్టు మానేసి అక్కడే ఉంటా. గెలవకపోతే కార్డు వెనక్కి.

అమ్మకి చెప్పా. "ఏడాదా?" అంది. మళ్ళీ అడిగింది. "రోజూ అక్కడేనా?"

ఫిబ్రవరి 16, శుక్రవారం

ముప్పై రెండుకి ముప్పై రెండు!

జేబులు కుట్టే అత్త, "బాగుంది నాయనా, బంగారంలా ఉంది. పెళ్ళికొడుకులా ఆ తాడేంట్రా మెడలో?" అని అరిచింది. లైనంతా నవ్వింది. నా చెవులు కాలిపోయాయి. ఆమె పక్కన కూర్చునే పిన్ని, కాలర్లలో అమ్మకి జోడీ, "వాణ్ణి వదిలేయవే, అసలే మాటలు రావు" అంది. ఆమెనీ అడిగా, బాగుందా అని. బాగుందంది. అందరూ బాగుందన్నారు.

వేలికాపులు అద్దాల్లా ఉన్నాయి. మిషను దగ్గర కూర్చుంటే గంటలో కనుబొమ్మల మీద కూడా దూది నుసి పేరుకుంటుంది. వీటి మీద ఒక్క పోగు లేదు. అక్క ఎంచుకున్న ప్లాస్టిక్ మంచిది.

ఫిబ్రవరి 20

ఇంట్లో అమ్మ మిషనుకీ విడిగా ఒక వేలికాపు కోసి పెట్టా. ఇవాళ చూస్తే మిషను మీద లేదు. డ్రాయరులో బాబిన్ల మధ్య ఉంది. ఏమ్మా అన్నా.

"ఇంటి మిషను కదరా. మెల్లిగా కుట్టుకుంటాను."

నిజమే. ఇంట్లో తొందరేముంది.

ఫిబ్రవరి 23, శుక్రవారం

ముప్పై ఒకటి. ఒకామె సెలవు. అంటే నూటికి నూరే.

మార్చి 1, శుక్రవారం

ముప్పై. అక్కకి మెసేజ్ పెడితే పదకొండు చప్పట్లు పంపింది. లెక్కపెట్టా.

మార్చి 5, మంగళవారం

ఫ్యాక్టరీలో ఒక మిషను ఇరుక్కుందని మావయ్య నన్ను పంపాడు. మంగళవారం ఎప్పుడూ వెళ్ళను. లైను మొదట్లో జేబులత్త తలెత్తి నన్ను చూసింది. "నూనెడబ్బా!" అని అరిచింది. నన్ను పలకరించినట్టు లేదు. అటు తిరిగి అరిచింది.

టక్. టక్ టక్. టక్ టక్ టక్ టక్. లైను ఆ చివరిదాకా పోయింది ఆ చప్పుడు. వడగళ్ళు పడ్డట్టు.

కత్తెరలు బల్లల మీద పెట్టి ఉంటారు. నేను వచ్చానని పని ఆపారు కదా. నేను చూసేసరికి అన్ని మిషన్లకీ వేలికాపులు ఉన్నాయి. కత్తెరలే.

మార్చి 6

కత్తెరలు అందరూ ఒకేసారి పెడతారా?

మార్చి 8, శుక్రవారం

ముప్పై ఒకటి.

కాలర్ల పిన్ని చూపుడు వేలికి పెద్ద కట్టు. ఏమైంది పిన్నీ అంటే, "కూరలు తరుగుతుంటే తెగిందిరా" అంది. నా మొహం చూడలేదు. అమ్మ ఇటు వీపు పెట్టి దారం ఎక్కిస్తోంది. ఆ సూదిలో అప్పటికే దారం ఉంది.

కత్తి జారితే అంతే మరి.

మార్చి 9

కట్టు మార్చుకోవడానికి పిన్ని మా ఇంటికొచ్చింది. నేను వెనక గదిలో ఉన్నానని తెలీదు. తలుపు సందులోంచి చూశా. గోరు మధ్యలో చిన్న గుండ్రటి రంధ్రం. కింద వైపు కూడా.

కత్తి అలా దిగదు. నేను ఆరేళ్ళుగా సూదులు మారుస్తున్నా. అది పద్నాలుగో నంబరు సూది.

మార్చి 10, ఆదివారం

అమ్మని అడిగా. అడగడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం అయింది. ఆమె మిషను ముందు కూర్చుంది, నేను గడప మీద.

"అమ్మా. లైనులో వేలికాపులు తీసేస్తున్నారా?"

అమ్మ పెడల్ ఆపలేదు.

"శుక్రవారం పెడుతున్నాం కదరా."

"మిగతా రోజులు?"

ఆపింది.

"నువ్వు కార్డు వేసుకుని వచ్చావు చూడు మొదటి రోజు, లైనంతా చూసింది. మనవాడు యూనివర్సిటీలోకి పోయాడని. మేమంతా టీ దగ్గర అనుకున్నాం. వాడికి లెక్క తగ్గకూడదని. నేనేం బలవంతపెట్టలేదు, వాళ్ళే అన్నారు. జేబులావిడ ముందు కూర్చుంటుంది కాబట్టి ఆవిడ కేకేస్తుంది."

"మరి తీయడం ఎందుకు?"

"కుట్టాలి కదా."

"పెట్టుకుని కుట్టొచ్చు కదా!"

గట్టిగా అరిచేశా. అమ్మ ఆశ్చర్యపోయింది. నేనూ.

"ట్యూబులైటు దాని మీద పడి మెరుస్తుందిరా. సూది మొన కనపడదు. మొన కనపడకపోతే కాలర్ మూల తిరగదు. తిరగకపోతే ముక్క వెనక్కొస్తుంది. వెనక్కొచ్చిన ముక్క ఇంకెవరిదీ కాదు, నాదే, మళ్ళీ నేనే కుట్టాలి." మళ్ళీ పెడల్ మీద కాలు పెట్టింది. "నీ తీగే నయం. అది సన్నంగా పక్కన ఉండేది."

"పిన్ని వేలు?"

మిషను చాలా వేగంగా పోయింది.

మార్చి 11

అక్కకి చెప్పాలి.

మార్చి 12

టైపు చేశా: "అక్కా లెక్క తప్పు." చెరిపేశా. "అక్కా ఒక విషయం." చెరిపేశా. ఆమెకి పైన "టైప్ చేస్తున్నారు" అని కనపడి ఉంటుంది. "చెప్పు తమ్ముడూ?" అని వచ్చింది. చప్పట్ల బొమ్మ పంపా. ఎందుకు పంపానో నాకే తెలీదు.

మార్చి 13

రేపు చెప్తా.

మార్చి 14

సెంటరుకి వెళ్ళా, చెప్పడానికే. దారంతా కూడబలుక్కున్నా. మూడు ముక్కలు. ఎవరూ పెట్టుకోవట్లేదు అక్కా. అంతే. చదువు లేకపోయినా చెప్పొచ్చు.

లోపలికి వెళ్ళేసరికి స్లైడ్లన్న గోడంత తెర మీద ఒక అంకె పెట్టి ఉన్నాడు. తొంభై ఆరు శాతం.

"చూడరా మూగ ఇంజనీరూ! ఇంత వాడకం ఈ సెంటర్లో ఏ టీముకీ రాలేదు. డైరెక్టర్ సార్ ఏమన్నారో తెలుసా? ఇలాంటి లెక్క చూసి పదేళ్ళయిందన్నారు."

అక్క నన్ను పక్కకి పిలిచి మెల్లిగా చెప్పింది. ఫ్యాక్టరీ ఓనరు ఫైనల్‌కి వస్తున్నాడట. గెలిస్తే ఎనిమిది వందల మిషన్లకీ తీసుకుంటాడట. ఒకటే షరతు. "ఎవరూ తీయడానికి వీల్లేకుండా ఉండాలన్నారు. టక్కున ఊడేది వద్దు, స్క్రూలు వేద్దాం. నువ్వు చేయగలవు కదా?"

"చేయగలను" అన్నా.

అదొక్కటే మాట్లాడా ఇవాళ.

మార్చి 15, శుక్రవారం

ముప్పై రెండు. జేబులత్త కేక నాకు మెట్ల దగ్గరే వినపడింది. చప్పుడు అయిపోయేదాకా మెట్ల మీదే నిలబడ్డా. వాళ్ళకి ఇబ్బంది ఎందుకని.

మార్చి 19

స్క్రూల మోడల్ చేశా. రెండు స్క్రూలు, తలలు లోపలికి దిగిపోతాయి, మామూలు స్క్రూడ్రైవరు పట్టదు. లేతు మీద నేనే ప్రత్యేకం చేసిన మొన కావాలి. వర్క్‌షాపులో లేతు నేర్పే మాస్టారు చేతిలో తిప్పి చూసి, "ఎవరి దగ్గర నేర్చుకున్నావ్?" అన్నారు. మావయ్య అన్నా. "ఆయన్ని ఒకసారి తీసుకురా" అన్నారు.

ఇంత బాగా నేనేదీ చేయలేదు. జేబులో పెట్టుకుని తిరుగుతున్నా. బస్సులో మూడుసార్లు తీసి చూసుకున్నా.

మార్చి 20

అమ్మకి చూపించా. వేలితో స్క్రూలు తడిమింది.

"ఇక రాదా ఇది?"

"రాదు."

"మంచిది" అంది. లేచి గిన్నెలు కడగడానికి పోయింది. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

మార్చి 21

నిన్నట్నుంచి కాలు ఊగుతూనే ఉంది. మావయ్య, "బల్ల కదుల్తోందిరా, భూకంపం తెస్తావా" అన్నాడు. నూనె పోయమంటే మోటారు మీద పోశా. దయ్యం పట్టిందా అన్నాడు. పట్టిందన్నా. నవ్వాడు.

ఒక లెక్క వేసుకున్నా. ఎవరూ తీయలేకపోతే ఎవరి వేళ్ళూ పోవు. ఆ మాటకొస్తే అది మంచిదే. నెమ్మదిగా అలవాటు పడతారు. అందరూ దేనికైనా అలవాటు పడతారు.

మార్చి 22, శుక్రవారం

ఆఖరి లెక్క. ముప్పై రెండు. ఇవాళ కేక వేసింది కాలర్ల పిన్ని, జేబులత్త సెలవు. ఆమె మిషనుకీ ఎవరో పెట్టేశారు. కట్టు ఉన్న చెయ్యి ఊపుతూ అరిచింది.

మార్చి 24

ఫైనల్లో వేదిక మీద ఒక మిషను పెడతారట. అమ్మ కుట్టి చూపించాలట, స్క్రూల మోడల్‌తో. అక్క వచ్చి అమ్మని అడిగింది. అమ్మ నా వైపు చూసి "సరే అమ్మా" అంది.

అక్క పోయాక అన్నా, "రానని చెప్పొచ్చు కదా."

"నీ ఏడాది కదరా."

మార్చి 26

చెప్పలేదు.

మార్చి 27, బుధవారం

హాలు బయట మెట్ల మీద కూర్చుని రాస్తున్నా. తప్పులొస్తే రానీ.

మాది నాలుగో టీమ్. అన్న స్లైడ్లు చూపించాడు. తొంభై ఆరు శాతం వచ్చినప్పుడు హాలంతా చప్పట్లు. ఫ్యాక్టరీ ఓనరు ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. తర్వాత అమ్మని పిలిచారు. కొత్త చీర కట్టుకుంది, మడతలు అలాగే ఉన్నాయి. మిషను మీద తల వంచి కాలర్ పెట్టి మెల్లిగా కుట్టింది. ఇంట్లో కుట్టే దానికన్నా మెల్లిగా.

జడ్జీల్లో ఒకావిడ, "బాగుందమ్మా. ఒకసారి ఫ్యాక్టరీలో ఎంత స్పీడుగా కుడతారో అలా కుట్టండి" అంది.

అమ్మ "అలాగే" అంది. పెడల్ నొక్కింది. ఆ వేదిక మీద లైట్లు నేరుగా ప్లాస్టిక్ మీద పడుతున్నాయి. అమ్మ ఒక పక్కకి ఒరిగింది, ఇంకో పక్కకి ఒరిగింది. మూల దగ్గర ఆగింది. మళ్ళీ నొక్కింది. కుట్టు వంకర పోయింది. ముప్పై ఏళ్ళుగా కుడుతున్న మనిషి, మూడొందల మంది ముందు, చిన్నపిల్ల కుట్టినట్టు. ముందు వరసలో ఎవరో నవ్వారు. "భయపడుతోంది పాపం" అన్నారు. అమ్మ కూడా నవ్వింది. "చేతకాలేదు" అంది.

చేతకాలేదు అంది.

నేను వెళ్ళి మిషను ముందు మోకాళ్ళ మీద కూర్చున్నా. జేబులోంచి నేను చేసిన మొన తీసి స్క్రూకి పెట్టా. హాలు నా వీపు వైపు ఉంది, అందుకే కుదిరింది. అన్న "ఏం చేస్తున్నావ్ రా" అని పళ్ళ మధ్య నుంచి అన్నాడు. మైకు అక్క చేతిలో ఉంది. ఆమె నా దగ్గరికి వచ్చి వంగింది, ఆపడానికి అనుకుంటా. మైకు నా నోటి దగ్గరికి వచ్చింది.

"మా అమ్మకి చేతకాకపోవడం కాదు" అన్నా. స్క్రూ వైపే చూస్తూ. "ఇది పెడితే సూది కనపడదు. లైనులో ఎవరూ పెట్టుకోరు. నేను వస్తున్నానని కేకేస్తే పెట్టుకుంటారు. నేను పోగానే తీసేస్తారు. ఆ తొంభై ఆరు నేను వచ్చినప్పటి లెక్క. నాకు మార్చి పదిన తెలిసింది. ముందే తెలిసింది కానీ తెలీనట్టు ఉన్నా. పిన్ని వేల్లో సూది దిగింది."

రెండో స్క్రూ గట్టిగా ఉంది. నేనే బిగించా అంత గట్టిగా.

ఊడింది. "ఇప్పుడు కుట్టమ్మా" అన్నా.

అమ్మ వెంటనే కుట్టలేదు. నన్ను చూసింది. తర్వాత కాలర్ మార్చి కుట్టింది. పది లెక్కపెట్టేలోపు మూల తిరిగి అవతలికి వచ్చేసింది. సూదికీ ఆమె వేలికీ మధ్య గోరంత జాగా. హాల్లో ఎవరో అమ్మో అన్నారు. ఎందుకన్నారో తెలీదు, కుట్టుకో, వేలికో.

మార్చి 27, మళ్ళీ

మా పేరు పిలవలేదు. బడి పిల్లల బస్సులకి ఏదో చేసిన టీముని పిలిచారు.

స్లైడ్లన్న మెట్ల దగ్గర నా చొక్కా పట్టుకున్నాడు. "ఆరు వారాలు నోట్లో ఏం పెట్టుకున్నావ్ రా? నోరు లేదనుకున్నాం, నోరు తెరిచి కొంప ముంచావ్!" ఆరు కాకపోయినా, మూడు వారాలు దాచిన మాట నిజమే కదా. అమ్మ మధ్యలోకి వచ్చి, "వదులు నాయనా. తప్పు మాది" అంది. అన్న వదిలేశాడు. ఏడుపు మొహంతో వెళ్ళిపోయాడు. అతనికీ ఇది ఏడాదే.

అక్క నా వైపు చూడకుండా మెట్లు దిగిపోయింది. అదే ఎక్కువ నొప్పిగా ఉంది.

మార్చి 28

కార్డు కౌంటర్లో ఇచ్చేశా. ఆమె తాడు కూడా ఇమ్మంది.

మార్చి 29

కొట్టు. నూనె. మావయ్య తిట్టట్లేదు. తిడితే బాగుండు.

మార్చి 30

అక్క నుంచి మెసేజ్: "రేపు మీ ఇంటికి రావచ్చా? లైనులో వాళ్ళని కూడా పిలుస్తావా?"

రావచ్చు అని పెట్టా. పిలవమని అమ్మకి చెప్పా.

మార్చి 31, ఆదివారం

ఎనిమిది మంది వచ్చారు. ముందు గది నిండిపోయింది, జేబులత్త మంచం మీద, పిన్ని మెట్టు మీద. ఒక్కొక్కరూ చేతి సంచిలోంచి వేలికాపు తీసి బల్ల మీద పెట్టారు, ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. అక్క నేల మీద కూర్చుంది. కళ్ళజోడు కింద కళ్ళు వాచి ఉన్నాయి.

"నిజం చెప్పాల్సింది పిన్నీ" అంది అక్క. "ఆరు వారాలు అడిగాం కదా."

"ఏమడిగారు?" అంది జేబులత్త.

అక్క నా వైపు చూసింది.

"బాగుందా అని" అన్నా.

"అదే మరి! మీసాలు కూడా రాని పిల్లాడు చేతులు కట్టుకుని వచ్చి బాగుందా అత్తా అంటే, బాగాలేదు పో అనే గుండె ఎవరికుంటుందే? బాగుందన్నాం. నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు మా కూర బాగుందా అని మేమడిగితే ఏమంటావ్?"

అందరూ నవ్వారు. అక్క కూడా, ముక్కు తుడుచుకుంటూ. తర్వాత లేచి అమ్మ మిషను ముందు కూర్చుంది. "నేను కుడతాను" అంది. వేలికాపు పెట్టుకుంది, అమ్మ ఇచ్చిన పాత కాలర్ మీద మొదలుపెట్టింది. మూల దగ్గరికి రాగానే ఎడమ చెయ్యి దానంతట అదే వెళ్ళి వేలికాపుని టక్కున పీకేసింది. చేతిలో దాన్ని చూసుకుంటూ అలాగే ఉండిపోయింది.

"ఇది రాసుకో" అంది నాతో. నేను ఫోన్ తీశా.

సెంటర్లో వచ్చే బ్యాచ్ ఎప్పుడో, మమ్మల్ని మళ్ళీ తీసుకుంటారో లేదో తెలీదు. అక్క డైరెక్టర్ సార్‌ని అడుగుతానంది. అన్న వస్తాడా అంటే, "కోపం తగ్గాలి" అంది. రేపు ఉదయం మావయ్య కొట్టు తెరవాలి, అది మాత్రం తెలుసు.

వాళ్ళంతా మాట్లాడుతూ టీ తాగుతూ ఉంటే అమ్మ ఒక్కతే మూల నిలబడింది. నేను దగ్గరికి వెళ్ళా. బాగుందా అని కాకుండా ఏమడగాలో ఆలోచించా. చాలాసేపు పట్టింది.

"అమ్మా, నీకు ఎక్కడ అడ్డొస్తోంది?"

"ఎక్కడంటే..." అంది. నా చెయ్యి పట్టుకుని మిషను దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కని జరగమంది. నా వేలు తన వేలు కింద పెట్టి గుడ్డ మీద ఆనించింది. "ఇక్కడ కాదు. అందరూ ఇక్కడే అనుకుంటారు. మూల తిరిగేటప్పుడు గుడ్డ ఇలా నెట్టాలి, చూశావా, అప్పుడు కన్ను ఇటు నుంచి రావాలి. మధ్యాహ్నం దాకా పరవాలేదు. మధ్యాహ్నం తర్వాత మెడ పట్టేస్తుంది, అప్పుడు తల ఇటు వాలుతుంది, అప్పుడే వేలు ముందుకు పోతుంది. పిన్నిదీ అంతే, సాయంత్రమే. ఇంకా చెప్తా ఉండు. చలికాలంలో ఇంకో రకం. నల్ల గుడ్డకి ఇంకో రకం..."

ముప్పై ఏళ్ళవి చెప్తోంది. ఒక చేత్తో టైపు చేస్తుంటే అందట్లేదు. "ఆ ఫోన్ పక్కన పెట్టి చూడరా" అంటోంది.

పెడుతున్నా.